పాతర సీసా, పుస్తకంలో మాట

చెడిపోయిన వైన్ సీసాకు ఎదురుగా, నీలం సిరాతో, అందరూ చూస్తుండగా ‘అద్భుతం’ అని రాసుకున్న మనిషిని ఏమనాలో తెలియక, ఊరి నుంచి హనుమకొండ చేరేదాకా కారులో మౌనంగా కూర్చున్నాను. ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకున్నా ఆ మాట వదలలేదు కనుక లేచి ఇది రాస్తున్నాను. ఆ మనిషి మా అన్న. ఊళ్ళో ఒకప్పుడు జొన్నలు దాచిన నేలకింది పాతరలో ఇప్పుడు వైన్ సీసాలు దాస్తాడు, తెరిచిన సీసా ఎలా ఉందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాడు.

ఈ రోజు పైకి వచ్చింది ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు 2005 నాటి ఎర్ర వైన్. అన్న పెద్దకొడుకు, మా పెద్దోడు, ఫ్రాన్సులోని తులూజ్ నుంచి వచ్చినప్పుడల్లా తెచ్చే జోడు సీసాల్లో ఒకటి. విమానాశ్రయంలో సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే తేనిస్తారు కాబట్టి ముప్పావు లీటరు సీసాలు రెండు వస్తాయి, మూడోది రాదు. పాతరలో సీసాలు పెట్టే గోడ నిండటానికి అన్ని ఏండ్లు పట్టింది అందుకే. అన్న దాన్ని నిన్ననే నిలబెట్టి ఉంచాడు. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే వగరు పదార్థాలు ఏండ్ల తరబడి ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి మడ్డిగా దిగుతాయి. సీసా పడుకొని ఉంటే ఆ మడ్డి పక్కన పేరుకుంటుంది, నిలబెడితే అడుగుకు చేరుతుంది. బిరడా సగంలో విరిగింది. వదిన సొరుగులోంచి రెండు సన్నని రేకుల పనిముట్టు తెచ్చి ఇస్తే, అన్న వాటిని బిరడాకూ గాజుకూ మధ్య దింపి, తిప్పుతూ మిగిలిన ముక్కను లాగాడు. ఫోన్ టార్చిని సీసా మెడ కింద పెట్టించి గాజు కూజాలోకి వంచాడు. మడ్డి మెడ దగ్గర కనబడగానే ఆపేశాడు. ఆ చేతి నిదానం చూస్తే నిజంగా ముచ్చట వేసింది. అంచున ఇటుక రంగుకు తిరిగిన ఆ ఎరుపు కూడా బాగుంది.

వాసన మాత్రం తడిసిన అట్టపెట్టె వాసన.

“ముక్కిందన్నా” అన్నాను. “పాతర వాసనే అది, కొంచెంసేపు గాలి తగలనియ్యి” అన్నాడు. గాలి తగిలితే పోయే వాసనలు ఉన్న మాట నిజమే. ఏండ్ల తరబడి మూసి ఉన్న సీసాలో మొదట వచ్చే దుర్వాసన అరగంటలో తేలిపోవచ్చు. ఇది ఆ జాతిది కాదు. బిరడా చెట్టు బెరడులో చేరిన బూజు, క్లోరిన్ ఉన్న పదార్థాల నుంచి ట్రైక్లోరోఅనిసోల్ అనే దాన్ని తయారుచేస్తుంది. లీటరుకు కొద్ది నానోగ్రాములు చాలు, పండు పరిమళమంతా అణిగిపోతుంది. ఆరోగ్యానికి హాని లేదు, ఆనందానికే హాని. అది గాలికి పోదు, పైగా ఇంకా స్పష్టమవుతుంది. జీవితమంతా పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన దానిని, ఈ మాత్రం నాకు తెలియదా? గంట తర్వాత మళ్ళీ వాసన చూస్తే అట్టపెట్టె ఇంకా పెద్దదైంది. అప్పటికే పుస్తకంలో ‘అద్భుతం’ పడిపోయింది. బావగారైతే “పొద్దుటి కల్లు సాయంత్రానికే పులుస్తది, ఇది ఇరవై ఏండ్లు ఆగిందంటే గొప్పే గదా” అని వంత పాడారు.

పాతర విషయంలోనూ అన్న ఇంతే. బయట మే నెలలో నలభై మూడు డిగ్రీలు కాస్తుంటే లోపలికి మెట్లు దిగగానే చల్లగా తగులుతుంది, దాంతో ఫ్రాన్సు నేలమాళిగకూ మన పాతరకూ తేడా లేదని ఆయన నమ్మకం. నేల లోతులో ఉండే వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా నిలుస్తుంది. వరంగల్ సగటు ఇరవై ఏడు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వైన్ కోరేది పన్నెండు, పదమూడు. పది డిగ్రీలు పెరిగితే చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. అంటే ఆ గోడలోని సీసాలు తమ అసలు వయసు కంటే ముందుగా ముసలివవుతున్నాయి. నేను కొనిచ్చిన థర్మామీటరును ఆయన మేకు నుంచి తీసి ఎక్కడో పెట్టేశాడు. అయితే ఈ రోజు తప్పు వేడిది కాదు, బిరడాది. ఆ బిరడా ఫ్రాన్సులోనే ఉన్నా ఇలాగే ఉండేది. నా వాదన ఇలా రుజువు కాకుండా పోయినందుకు కూడా నాకు చికాకుగా ఉన్నట్లుంది.

అదే పాతరను బాపు తెరిచే రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు మెట్లు లేవు, ఇరుకు మూతి మాత్రమే. వానలు పడి జొన్నల ధర పెరిగే దాకా ఆగి, పైమట్టి తవ్వించి, బండ జరిపించి, ఒక పూటంతా అలా వదిలేసేవాడు. పిల్లలం దగ్గరికి పోతే కేకలు వేసేవాడు. తర్వాత తాడుకు కందిలి కట్టి లోపలికి దింపేవారు. దీపం ఆరితే ఎవరూ దిగకూడదు, ఎందుకంటే మూసిన పాతరలో గింజలు ప్రాణవాయువును పీల్చేసి ఉంటాయి. దీపం నిలబడితే జీతగాడు నడుముకు తాడు కట్టుకొని దిగి గంపలు నింపేవాడు. గోడ వారగా వేసిన గడ్డికి తేమ తగిలిన చోట జొన్నలు ముక్కిపోయి ఉండేవి. బాపు ప్రతి గంపలోంచి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, ఇవి ఇటు, అవి అటు అని రాశులు వేయించేవాడు. మంచివి అమ్మకానికి పోయేవి. ముక్కినవాటిలో కొన్నిటిని అమ్మ ఎండబోసి, కడిగి, మళ్ళీ ఎండబోసి, విసిరి రొట్టెలు చేసేది. ఎంత కడిగినా ఆ వాసన పోయేది కాదు. అన్న పళ్ళెం జరిపేస్తే బాపు మాత్రం తుంచుకొని తింటూ “కమ్మగనే ఉన్నయి” అనేవాడు.

ఇది గుర్తొచ్చేసరికి నా కోపం సగం చల్లారింది. కొడుకు అంత దూరం నుంచి బట్టల మధ్య చుట్టి మోసుకొచ్చిన సీసా అది. వదిన పొద్దుటి నుంచి వంట చేసింది. వచ్చిన నలుగురి ముందు అది చెడిపోయిందని అనడం అన్న వల్ల కాలేదు. బాపు రొట్టెను మెచ్చుకున్నట్లే ఆయనా మెచ్చుకున్నాడు. నేనే గొంతు పెద్దది చేసి కాలేజీ పాఠం మొదలుపెట్టాను. ఇక పడుకోవచ్చు అనుకున్నాను.

కానీ కుదరలేదు. బాపు నోటితో మెచ్చుకున్నాడే గాని పద్దు పుస్తకంలో ముక్కినవాటిని ముక్కినవనే వేరే వరుసలో, తక్కువ ధరతో రాసుకునేవాడు. బేరగానికి చూపించే రాశి కూడా వేరే. మాట మర్యాద కోసం అనుకుంటే పద్దు అవసరం కోసం. అన్న పుస్తకం కూడా పద్దే. దాన్ని చూసే పెద్దోడు మళ్ళీ ఏవి తేవాలో నిర్ణయిస్తాడు, దాన్ని చూసే అన్న ఏది ఇప్పుడు తెరవాలో, దేన్ని ఇంకా ఆపాలో తేల్చుకుంటాడు. బిరడా దోషం సీసా సీసాకూ వేరు. ఈ 2005 జోడులో రెండోది శుభ్రంగా ఉండవచ్చు, ఇరవై ఏడు డిగ్రీల్లో దానికి కూడా ఎక్కువ కాలం మిగిలి ఉండకపోవచ్చు. ఎండలు రాకముందే దాన్ని తెరవమని పొద్దున్నే ఫోన్ చేస్తాను, పుస్తకంలో ఆ వరుస కింద ‘బిరడా చెడింది’ అని రాయమని కూడా చెబుతాను. ఆయన రాయడు. వదినకైతే చెప్పి రాయించవచ్చు, ఆమె చేతిరాత అన్న చేతిరాతకు దగ్గరగానే ఉంటుంది.