డిసెంబరులో చెర్రీలు

"పండులో కొవ్వెక్కడుంది?" అని మధ్యాహ్నం మావారు అన్న మాట ఈ రాత్రి వరకూ నన్ను వదల్లేదు. ఆ మాట అంటూనే సగం డబ్బా చెర్రీలు ఖాళీ చేశారు. రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వులు, ఎక్కువగా ఉన్నాయని తెలిసిన నాడే నెయ్యి మానేసిన మనిషి, పొద్దున్నే పెద్ద గ్లాసుడు ద్రాక్షరసం మాత్రం మానరు. పండులో కొవ్వు దాదాపు ఉండదన్నది నిజమే. కానీ అందులోని ఫ్రక్టోజు అనే చక్కెర ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో చేరితే కాలేయం దానిలో కొంత భాగాన్ని కొవ్వుగా మారుస్తుందని, అదే ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వస్తుందని ఎన్నిసార్లు చెప్పాను! "పళ్లు బాగా తినండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టిన వైద్యుని మీద కూడా నాకు కోపమే. కొరికి తినాలో, పిండి తాగాలో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఉద్దానంలో అమ్మమ్మ పెరట్లో పనసచెట్టు ఉండేది. చలికాలం సెలవుల్లో నేను పండు కావాలని మారాం చేస్తే, "ఇప్పుడు పనసపండేటి గుంటా, కాలం వస్తే అదే పండుతాది" అనేది. వేసవిలో మాత్రం చేతులకు నూనె రాసుకుని తొనలు ఒలిచి పెట్టేది, పిక్కలు నిప్పుల్లో కాల్చేది. పండు కోసిన పూట అన్నం సగమే వడ్డించేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఆ చెట్టు కూలిపోయింది.

అదే ఏడాది స్పెయిన్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనాన్ని ఇందాక చదివాను. రోజుకు ఆరు గంటల వెలుతురులో, అంటే చలికాలాన్ని తలపించే పరిస్థితిలో ఉంచిన ఎలుకలకు వేసవి పండైన చెర్రీలు పెడితే, వాటి కొవ్వు కణజాలంలో జన్యువుల పనితీరు కొవ్వు పేరుకునే వైపు మొగ్గిందట. అమ్మమ్మ మాటకు సాక్ష్యం దొరికిందని పొంగిపోయి, మావారిని నిద్ర లేపబోయాను.

లేపలేదు. ఆ ప్రయోగంలో చలికాలపు పగలు ఆరు గంటలైతే, వేసవి పగలు పద్దెనిమిది గంటలు. మన విజయనగరంలో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా రెండు గంటల పైచిలుకే. ఎలుకల ఒంటికి అంత తేడా తెలిపిన రుతువు, ఇక్కడ మా ఒంటికి అదే సంగతి చెబుతుందని ఏ ధైర్యంతో అనగలను? అమ్మమ్మ ఆ పూట సగం తగ్గించిన అన్నమే అసలు సంగతేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఫ్రిజ్‌లో ఇంకా సగం డబ్బా ఉంది. రేపు చెర్రీల జోలికి వెళ్లను, ద్రాక్షరసం గురించే మాట్లాడతాను.