శుక్రవారం సెలవు

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవన్న సంగతి నాకు తెలుసు. ఆ రోజు శుక్రవారమన్న సంగతే గుర్తు లేదు. ఖమ్మంలో తెల్లవారుజామున బస్సెక్కి, హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, హాయిగా నడిచిపోయే దూరానికి ఆటోకి వంద సమర్పించుకుని వెళ్తే గేటుకి తాళం. ఆటో అతనికి తెలియకుండా ఉంటుందా? ఒక్క మాట చెప్పలేదు మహానుభావుడు.

ఆ చిరాకులోనే మదీనా చౌరస్తా దగ్గర ఒక చాయ్ తాగి (పాతిక రూపాయలు, రెండు గుక్కలు) పత్తర్‌గట్టిలోకి నడిచాను. 1908 మూసీ వరద తర్వాత, 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి దుకాణాల వరుస అది. కమానులు ఇప్పటికీ దిట్టంగానే ఉన్నాయి. కనపడాలంటే మాత్రం ఫ్లెక్సీల సందుల్లోంచి వెతుక్కోవాలి.

అట్లా వెతుకుతుంటేనే ఆ రేకు బోర్డు కంటబడింది. అత్తరు దుకాణం. కింద తళతళలాడే ఎల్ఈడీ బోర్డు, దాని పైన తుప్పు పట్టిన పాతది. కుడి నుంచి ఉర్దూ, ఎడమ నుంచి తెలుగు బయల్దేరి మధ్యలో ఐదంకెల ఫోన్ నంబరు దగ్గర కలుసుకున్నాయి. ఉర్దూ వైపు సగం రాలిపోయింది. తెలుగు అక్షరాలు మాత్రం వింతగా ఉన్నాయి. తలకట్లు ఒక కొసన లావు, ఇంకో కొసన వెంట్రుకంత సన్నం. కచ్చితంగా ఉర్దూ రాసే చెయ్యే. ఆ పక్కనే ఛత్తా బజార్. పెళ్లికార్డులకి ఉర్దూ రాసే కాతిబ్‌లు ఒకప్పుడు అక్కడే కూర్చునేవాళ్లు. వాళ్లలో ఎవరో తెలుగు కూడా పట్టి ఉంటారు.

మా చిన్నాన్న బోర్డులు రాసేవాడు. సుద్ద పూసిన దారం ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే రేకు మీద తెల్లటి గీత పడేది. బ్రష్షు ముంచేముందు అక్షరాలన్నీ లెక్కపెట్టుకునేవాడు. లేకపోతే ‘స్టోర్స్’లో ‘ర్స్’ చివరికొచ్చేసరికి ఇరుక్కుపోతుందట. ఇంట్లో అన్నం కూడా టర్పెంటైన్ వాసనే వేసేది. ఫ్లెక్సీలొచ్చాక ఎన్నికలప్పుడు గోడలు రాశాడు, తర్వాత అదీ పోయింది.

ఫోటో తీస్తుంటే లోపల్నించి పెద్దాయన కేకేశాడు.

“ఫోటో కాయ్కు? మున్సిపాల్టీయా?”

కాదన్నాను. నమ్మినట్టు లేదు. మా చిన్నాన్న గురించి చెప్పాక స్టూలు జరిపాడు.

“మా అబ్బా పెట్టించిన బోర్డు. తీసేద్దామంటడు నా కొడుకు. తీస్తే పాత గిరాకీకి దుకాణం ఎట్ల దొర్కుతది?” అని, కాసేపాగి, “నాకు తెలుగు మాట్లాడొస్తది, చదవరాదు. కింద చిన్నగ రాసింది ఏంది?” అన్నాడు.

ఎదురు మెట్టెక్కి చూస్తే గానీ ఆనలేదు.

“శుక్రవారం సెలవు.”

ఆయన ఒక్క క్షణం చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. “అబ్బా ఉన్నప్పుడు జుమ్మాకి బంద్ ఉండె. ఇప్పుడు బంద్ పెడితే కిరాయి ఎవరిస్తరు?”

అయిదువందల సీసాకి నేను మూడొందలన్నాను. ఆయన నాలుగున్నర దగ్గర ఆగాడు. ఇంతలో మక్కా మసీదు వైపు నుంచి అజాన్ వినపడింది. సీసా మళ్లీ అరలో పెట్టేసి, టోపీ సర్దుకుని, షట్టర్ సగం దించాడు.

“గంటాగి రా బేటా. అప్పటిదాంక మీ తెలుగు బోర్డు కరెక్టే.”