సికింద్రాబాద్‌లో పుట్టాడంటే నమ్మడే

"అబద్ధం మామయ్యా! ఫుట్‌బాల్ స్టార్ సునీల్ ఛెత్రి మన సికింద్రాబాద్‌లో ఎలా పుడతాడు?"

పరేడ్ గ్రౌండ్ దాటుతుంటే బండి వెనక నుంచి మా మేనల్లుడి దబాయింపు. ఒంటి మీద నీలం జెర్సీ, వీపున 11 అంకె.

నిజమేరా బాబూ. 1984లో ఇక్కడే పుట్టాడు. నాన్న సైన్యంలో పనిచేశారు. అమ్మ నేపాల్ మహిళల జట్టుకు ఆడారు.

వీడికి గోల్స్ లెక్కలన్నీ కంఠతా వచ్చు. నాకు మాత్రం ఆ లెక్కలు మొదలు కాని రోజులే ఇష్టం. ఆట బాగా ఆడితే మంచి కాలేజీలో సీటు దొరుకుతుందన్నదే ఆ కుర్రాడి మొదటి ఆశ. ఇంతలో 2002లో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ మోహన్ బగాన్ పిలిచింది. పదిహేడేళ్లు! కాలేజీకని బయలుదేరిన పిల్లవాడు కలకత్తా అభిమానుల ముందు పడ్డాడు. గెలిస్తే నెత్తిన పెట్టుకుంటారు, ఓడితే కుర్రాడు ఇంటికి ఏడుస్తూ ఫోను చేసేంత పని చేస్తారు. పైగా అదే జట్టులో బ్రెజిల్ ఆటగాడు బరెటో లాంటి స్ట్రైకర్, అంటే ముందు వరుసలో గోల్స్ కొట్టేవాడు. ఇక కొత్తవాడికి రోజూ చోటెక్కడ?

2005లో పంజాబ్ జట్టు జేసీటీకి మారాడు. ఆ జూన్‌లోనే క్వెట్టాలో దేశం తరఫున తొలి మ్యాచ్. ప్రత్యర్థి పాకిస్తాన్. ఆట 1-1తో ముగిసింది, మన గోలు ఇతనిదే.

"అయితే ఇక్కడే ఆట నేర్చుకున్నాడా?" అన్నాడు మావాడు.

లేదు. గ్యాంగ్‌టాక్, డార్జిలింగ్, ఢిల్లీ అంటూ నాన్న బదిలీల వెంట తిరిగాడు. మన ఊరికి దక్కిన ఘనత పుట్టుక ఒక్కటే. అయినా నేను చెప్పుకోవడం మానను.