డేరాలు కుట్టిన ఇల్లు

"వారు వృత్తికి డేరాలు కుట్టువారు. పౌలు అదే వృత్తిగలవాడు గనుక వారితో కాపురముండెను. వారు కలిసి పనిచేయుచుండిరి." (అపొ. కార్యములు 18:3)

ఈ వచనంలోని దంపతులు ప్రిస్కిల్ల, అకులల మీద మన సంఘాల్లో ప్రసంగాలు తక్కువ. పెళ్లిలో వధూవరులను దీవించేటప్పుడు వాళ్ల పేర్లు ఒకసారి వినిపిస్తాయి, అంతే. ఇల్లూ పిల్లలూ ఉద్యోగమూ చూసుకుంటూనే సేవకు సిద్ధపడాలని ఆశపడేవాళ్లు మొట్టమొదట చదవాల్సింది ఈ 18వ అధ్యాయమే అని నా నమ్మకం.

వాళ్లు కొరింథుకు సేవ చేద్దామని రాలేదు. యూదులంతా రోమా విడిచి పోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ ఇస్తే, క్రీ.శ. 49 ప్రాంతంలో, ఉన్నది సర్దుకుని బయటపడ్డారు. పాత గిరాకీ పోయింది. తెలిసిన వీధి పోయింది. కొత్త ఊళ్లో మళ్లీ మొదటినుంచీ మొదలు. అయితే కొరింథు పని దొరికే ఊరు. అటొక రేవు, ఇటొక రేవు, మధ్యలో బజారు. ఊరికి దగ్గర్లోనే రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు, వాటికి తరలివచ్చే జనం. ఆ ఇంటికి ఏథెన్సు నుంచి ఒంటరిగా వచ్చి చేరాడు పౌలు. ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. విశ్రాంతిదినాన సమాజమందిరంలో తర్కించాడని రాసి ఉంది. మరి తక్కిన రోజులు? ముగ్గురూ కూర్చుని కుట్టారు. ముతక గుడ్డ, తోలు కుట్టేవాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నవాళ్లకు తెలుసు, చేతులకు పనే గాని నోటికి పనుండదు. ఆ కుట్టుపని గంటల్లో మెస్సీయ గురించి, ధర్మశాస్త్రం గురించి, సిలువ గురించి ఎన్ని మాటలు నడిచి ఉంటాయో!

ఆ గంటల ఫలం తర్వాత వాళ్లు వెళ్లిన ఎఫెసులో కనబడింది. అపొల్లో అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు. కాని యోహాను బాప్తిస్మం దగ్గరే ఆగిపోయాడు. "ప్రిస్కిల్ల అకుల విని, అతని చేర్చుకొని దేవుని మార్గము మరి పూర్తిగా అతనికి విశదపరచిరి." సమాజమందిరంలో నలుగురి మధ్య లేచి తప్పు పట్టలేదు. దగ్గరకు తీసుకుని, కూర్చోబెట్టి చెప్పారు. బైబిల్లో ఈ దంపతుల ప్రస్తావన ఆరు చోట్ల వస్తుంది. ఒక్కచోటైనా ఒకరి పేరు లేకుండా ఇంకొకరి పేరు రాదు. నాలుగు చోట్ల ప్రిస్కిల్ల పేరే ముందు. పౌలు రోమీయులకు రాసినా, కొరింథీయులకు రాసినా "వారి యింట ఉన్న సంఘము" అనే అన్నాడు. వాళ్లకు పిల్లలున్నారో లేదో లేఖనం చెప్పదు గాని, ఆ ఇంట్లో పొయ్యి, పని, ప్రార్థన ఒకే కప్పు కింద ఉన్నాయని మాత్రం చెబుతుంది.

మేము ఉండేది హైదరాబాదులో, కూకట్‌పల్లి వైపు. మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తారు. నేను ఒక ప్రైవేటు బళ్లో టీచర్ని. ఆయనకు పనంతా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కాబట్టి వాచ్‌మన్ కుటుంబాలతో పరిచయాలెక్కువ. మా సేవ అక్కడే మొదలైంది. ఆ కుటుంబాలకు ఆదివారం అనేది ఉండదు. తెల్లారకముందే కార్లు తుడవాలి, ట్యాంకరు వస్తే దగ్గరుండి నీళ్లు పట్టించాలి, పై అంతస్తులకు వచ్చే పార్శిళ్లు తీసుకోవాలి. భార్య నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది. గేటు వదిలి వెళ్లడానికి లేదు. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు, ఊళ్లో వారం వారం ప్రార్థనకు వెళ్లినవాళ్లు కూడా, ఇక్కడికొచ్చాక ఏళ్లతరబడి మందిరం ముఖం చూడలేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, పైన అందరూ భోంచేసి నడుం వాల్చే వేళకు, అసోసియేషన్ వాళ్ల అనుమతితోనే, సెల్లార్లో రెండు కార్ల మధ్య చాప పరుస్తాం. మైకు లేదు, డప్పు లేదు. పాట కూడా మెల్లగానే. ప్రార్థన మధ్యలో హారన్ వినబడితే వాచ్‌మన్ లేచి గేటు తీసి, కారు లోపలికొచ్చాక మళ్లీ గేటు వేసి, వచ్చి మోకరిస్తాడు. వాక్యం చెబుతున్నవాళ్లు అంతదాకా ఆగుతారు. అక్కడ అది అందరికీ అలవాటే.

ఇలాంటి పనికి తర్ఫీదు ఎక్కడ దొరుకుతుంది? బైబిల్ కాలేజీలో చేరి మూడేళ్లు హాస్టల్లో ఉండడం అంటే మాలాంటివాళ్లకు ఇల్లు మూసుకోవడమే. ఈ ఇబ్బంది మనకే వచ్చింది కాదు. గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లు 1960ల మొదట్లో ఒక నిజాన్ని ఒప్పుకున్నారు. పల్లె సంఘాలను నిజంగా నడిపిస్తున్నది పొలం, కాపురం ఉన్న నడివయసు మనుషులు. వాళ్లు రాజధానికి వచ్చి చదవలేరు. రాజధానికి వచ్చి చదివిన కుర్రవాళ్లేమో తిరిగి పల్లెకు పోవడం లేదు. అప్పుడు సెమినరీయే విద్యార్థి దగ్గరకు నడిచింది. 1963లో ఇంటి దగ్గర చదువుకునే పాఠాలు, వారానికోసారి దగ్గర్లో కూడిక అనే పద్ధతి పెట్టారు. ఆ పద్ధతే దేశదేశాలకు పాకింది. మన దేశంలో 1971లో బెంగళూరు కేంద్రంగా ఇదే పద్ధతిలో వేదాంతం నేర్పే టాఫ్టీ అనే సంస్థ మొదలైంది. తెలుగులో కూడా పాఠాలున్నాయి. ఉద్యోగం మానకుండా, పిల్లలను ఎవరి దగ్గరా వదలకుండా వేదాంతం చదువుకునే దారి తెరిచినవాళ్లకు నేను మనసారా కృతజ్ఞురాలిని.

రాత్రి భోజనాలయ్యాక మా బల్ల మీద ఒక పక్క పెద్దమ్మాయి లెక్కల నోటు, ఇంకో పక్క నా పాఠం. ఖాళీలు పూరించాలి, వచనాలు వెతకాలి, చివర్లో "దీన్ని ఈ వారం ఎక్కడ ఆచరణలో పెట్టారు?" అని ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడికొచ్చి పెన్ను ఆగిపోతుంది. రోమీయులకు రాసిన పత్రికలో శాంతి సమాధానం గురించి పేజీ నింపాక, మా అత్తమ్మతో పొద్దున అన్న మాట గుర్తొస్తుంది. హాస్టల్లో ఉండి చదివితే ఆ ప్రశ్న ఇంత దగ్గరగా తగిలేది కాదేమో.

ఇక అసలు చెప్పాలనుకున్నది. సేవలో దిగేవాళ్లకు పెద్దలు తరచూ ఒక మాట చెబుతారు: "నువ్వు దేవుని పని చూసుకో, నీ ఇంటి పని దేవుడు చూసుకుంటాడు." ఎంత విశ్వాసంతో అన్నా, ఈ మాటను నేను ఒప్పుకోలేను. మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు పరిసయ్యులను గద్దించింది సరిగ్గా దీనికే. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని "కొర్బాను, దేవార్పితం" అనేసి వాళ్లకు పెట్టకుండా తప్పుకుంటున్నారు. పైకి చూస్తే భక్తే. దేవుని పేరు మీదే. కాని మనుష్యుల పారంపర్యాచారం కోసం దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారన్నాడు ఆయన. డబ్బుకు వర్తించింది సమయానికి వర్తించదా? ముసలితల్లికి చెందాల్సిన గంటను, బిడ్డకు చెందాల్సిన సాయంత్రాన్ని "దేవునికి ఇచ్చేశాను" అంటే ఆయన పుచ్చుకుంటాడా?

మరి తండ్రిని తల్లిని భార్యను పిల్లలను ద్వేషించనివాడు నా శిష్యుడు కానేరడన్న మాట మాటేమిటి అని అడుగుతారు. అడగాల్సిందే. లూకా 14వ అధ్యాయంలోని ఆ మాట మెత్తబరచడానికి వీల్లేదు. ప్రభువుకు ఎదురుగా ఏ బంధమూ నిలవకూడదు, చివరికి సొంత ప్రాణం కూడా. కాని అదే నోట కొర్బాను మాటా వచ్చింది. "సమస్తమును విడిచిపెట్టి నిన్ను వెంబడించితిమి" అన్న పేతురును చూడండి. ఆయన ఇంటికే యేసు వెళ్లి జ్వరంతో పడుకున్న అత్తగారి చెయ్యి పట్టి లేపాడు. తర్వాత ఏళ్లకు పౌలు రాసేనాటికి కేఫా, అంటే ఈ పేతురే, తన భార్యను వెంటబెట్టుకునే తిరుగుతున్నాడు (1 కొరింథీ 9:5). విడిచిపెట్టడమంటే ఆ ఇంటిమీద "నాది" అన్న హక్కు వదులుకోవడమని నాకు అర్థమైంది. ఇంటివాళ్లను వదిలేయడమైతే పేతురు అది చేయలేదు.

త్యాగం లేకుండా సేవ లేదు. మా నిద్ర, మా డబ్బు, పండగ సెలవులు, చుట్టాల దగ్గర మంచి పేరు, ఇవి పోతాయి, పోవాలి కూడా. అయితే ఎవరి సొమ్ములోంచి అర్పిస్తున్నామన్నది ముఖ్యం. అరౌనా కళ్లం ఊరికే ఇస్తానంటే దావీదు ఒప్పుకోలేదు, వెల చెల్లించకుండా తీసుకున్నదాన్ని నా దేవునికి దహనబలిగా అర్పించనన్నాడు. నా నిద్ర నేను అర్పించగలను. నా కూతురి తల్లిని అర్పించడానికి నాకు హక్కు లేదు. నా కూతురే ఇష్టపడి కొంత ఇస్తే అది ఆమె అర్పణ. దాన్ని నా సాక్ష్యంలో నా త్యాగంగా చెప్పుకోకూడదు.

ఇక్కడ విలియం కేరీ గారి ఇంటిని తలచుకోకుండా ఉండలేను. 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది ఆయన శ్రీరాంపూరు ముద్రణాలయం నుంచే. మనం ఆయనకు రుణపడినవాళ్లం. కాని 1793లో ఇండియాకు బయల్దేరేనాటికి ఆయన భార్య డోరతికి రావడం ఇష్టం లేదు. మొదట ససేమిరా అంది. ఓడ ఆలస్యమై ఆయన మళ్లీ ఇంటికి వచ్చి బతిమాలితే, చెల్లెలు తోడొస్తేనే వస్తానని చంటిబిడ్డతో బయల్దేరింది. మరుసటి ఏడాది బెంగాల్లో వాళ్ల ఐదేళ్ల పీటర్ చనిపోయాడు. ఆ దెబ్బనుంచి ఆమె తేరుకోలేదు. మతి చలించి, 1807లో కన్నుమూసేదాకా అలాగే బతికింది. శ్రీరాంపూరులో కేరీ గారి మగపిల్లలకు క్రమశిక్షణ నేర్పినవాళ్లు తోటి మిషనరీలు హన్నా మార్ష్‌మన్, విలియం వార్డు. కేరీ గారి భాషాజ్ఞానం గురించి, ఓర్పు గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. డోరతి పేరు చెప్పి ప్రార్థించిన కూడిక ఒక్కటీ చూడలేదు. చేయాలి. సేవకుల భార్యల కూడికల్లో అయినా చేయాలి.

దీనికి భిన్నమైన ఇల్లు మన ఒంగోలు చరిత్రలోనే ఉంది. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ ఇద్దరూ బాప్తిస్మం పొందారు. ఆయన ఏ సెమినరీకీ పోలేదు. వ్యాపారం కోసం తిరిగిన ఊళ్లే ఆయన సేవాస్థలాలయ్యాయి, పాత గిరాకీలకే సువార్త చెప్పాడు. మరుసటి జనవరిలో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఆ ఊరు వెళ్తే 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. ఆ కోత వెనక పేరయ్య మాట ఎంత ఉందో, నాగమ్మ ఇల్లు అంత ఉందని నేను నమ్ముతాను.

"ఎవడైనను తన యింటివారిని ఏలనేరక పోయినయెడల అతడు దేవుని సంఘమును ఏలాగు పాలించును?" అని పౌలు తిమోతికి రాశాడు. ఈ వచనాన్ని మగవాళ్లు భార్యాబిడ్డలను అదుపులో పెట్టుకోవడానికి వాడడం విన్నాను. సంఘపెద్ద కావడానికి ముందు జరగాల్సిన పరీక్ష గురించి పౌలు చెప్పాడు. ఆ పరీక్ష పేపరు దిద్దేవాళ్లు ఇంటివాళ్లే. అందుకని ఎవరైనా తమ్ముడు వచ్చి "అక్కా, ఏ ట్రైనింగ్‌లో చేరమంటారు?" అంటే, ముందు మరదలిని తీసుకుని రమ్మంటాను. ఆమె మనసులో మాట విన్నాకే కోర్సు ఫీజుల సంగతి. ఆమె వద్దంటే ఏడాది ఆగమని చెబుతాను. ఆగిన ఏడాది వృథా పోదు. ఇద్దరూ కలిసి ఒక సువార్త పూర్తిగా చదవడానికి ఏడాది చాలదు కూడా.

ఫిలిప్పు సువార్తికుడి ఇంట్లో ప్రవచించే నలుగురు కుమార్తెలున్నారని చదివినప్పుడల్లా మా అమ్మాయి గుర్తొస్తుంది. మొదట్లో సెల్లారు కూడికకు రానంది. క్లాసులో పిల్లలు ఆ అపార్ట్‌మెంట్లోనే ఉంటారట, చూస్తే నవ్వుతారట. సరేనన్నాం. ఇంట్లో నానమ్మకు తోడుగా ఉండమన్నాం. తర్వాత ఒకరోజు వాచ్‌మన్ వాళ్ల చిన్నపిల్ల ఇంగ్లిషు అక్షరాలు నేర్చుకుంటానందని తనంతట తనే వచ్చింది. ఇప్పుడు మేము వాక్యం చెప్పే వేళకు లిఫ్టు పక్కన మెట్ల మీద పిల్లలకు ఆమె యోసేపు కథ చెబుతుంది. రానన్న రోజు ఇప్పటికీ రాదు.

ఈ మార్చిలో తనకు పదో తరగతి పరీక్షలు. నా తర్వాతి కోర్సు జూన్‌కు జరిపించుకున్నాను. మా ట్యూటరు గారు మంచి పని చేశావమ్మా అన్నారు. శనివారం సాయంత్రాలు లెక్కలకూ సైన్సుకూ పోతాయి. ఆదివారం మూడింటికి వాక్యం నేనూ మా ఆయనా చెరో వారం చూసుకుంటాం. పాట ఎత్తుకోవడం అత్తమ్మ వంతు. మోకాళ్ల నొప్పులతో చాప మీద కూర్చోలేరని వాచ్‌మన్ తన ప్లాస్టిక్ కుర్చీ ఆమెకు వేస్తున్నాడు.