అడవిని ముట్టుకోం, కింద నుంచి తీసుకుంటాం అంటే నమ్మాలా?

అస్సాంలో డిబ్రూ-సైఖోవా అని ఒక నేషనల్ పార్క్ ఉంది. బ్రహ్మపుత్ర ఒడ్డున, 340 చదరపు కిలోమీటర్లు, కొంత అడవి కొంత నీళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వదిలేసిన గుర్రాల సంతతి అంటారు, ఇప్పటికీ అక్కడ గుర్రాలు అడవి జంతువుల్లా తిరుగుతుంటాయి (నాకు ఒక్కసారైనా చూడాలని ఉంది).

ఆ పార్కు కింద గ్యాస్, చమురు ఉన్నాయి. లోపల రిగ్గు (బావి తవ్వే యంత్రం) పెట్టనివ్వరు కాబట్టి ప్రభుత్వ చమురు కంపెనీ ఆయిల్ ఇండియా వాళ్లు వేరే దారి చూశారు. రిగ్గు బయటే ఉంటుంది, బోరు మాత్రం ఏటవాలుగా అడవి కిందకి వెళ్తుంది, పైన ఒక్క చెట్టు కూడా కదలదు. ఇలా ఏడు చోట్ల తవ్వడానికి కేంద్ర పర్యావరణ శాఖ 2020 మే నెలలో అనుమతి ఇచ్చింది.

అదే నెల 27న, పార్కు పక్కనే బాఘ్‌జాన్‌లో అదే కంపెనీ 5వ నంబరు గ్యాస్ బావికి మరమ్మతు చేస్తుండగా బ్లోఅవుట్ అయింది, అంటే గ్యాస్ అదుపు తప్పి బయటికి ఎగదన్నింది. ఆ మాటకి అర్థం కోనసీమ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, 1995లో పాశర్లపూడి మంట 65 రోజులు చూశారు. బాఘ్‌జాన్‌లో ముందు గ్యాస్ అలా ఎగజిమ్ముతూనే ఉంది, జూన్ 9న అంటుకుంది, ఇద్దరు ఫైర్ సిబ్బంది చనిపోయారు, వేల మంది ఇళ్లొదిలి శిబిరాలకు పోయారు, అదీ కోవిడ్ రోజుల్లో, మధ్యలో వరదలు. మంట పూర్తిగా ఆరేసరికి నవంబరు 15.

ఆ బావి కూడా పార్కు బయటే ఉంది. అయినా గ్యాస్‌తో పాటు వచ్చిన నూనె తేయాకు తోటల మీద, పక్కనే ఉన్న మాగురి-మొటాపుంగ్ చెరువు మీద పడింది. చేపలు చచ్చి తేలాయి, ఒక గంగా డాల్ఫిన్ కళేబరం కూడా దొరికింది. చలికాలంలో వలస పక్షులు దిగేది ఆ నీళ్లలోనే.

ఏటవాలు బోరు అబద్ధమని నేననను, మంచి టెక్నాలజీయే. కానీ బాఘ్‌జాన్‌లో ప్రమాదం వచ్చింది బోరు కింది చివర కాదు, బావి నోటి దగ్గర. రెండో రక్షణ ఏర్పాటు సరిగ్గా ఉందో లేదో పరీక్షించకుండానే బావి మీది బ్లోఅవుట్ ప్రివెంటర్ (గ్యాస్ ఎగదన్నకుండా బావి నోరు మూసే పరికరం) తీసేశారని ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) వేసిన కమిటీయే తప్పుపట్టింది. మరి బోరు ఎంత వంకరగా తవ్వినా బావికి నోరు ఉంటుంది కదా, అది ఆ చెరువుల మధ్యే ఉంటుంది.

ఇంకో సంగతి, నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. 2020 జనవరిలోనే చమురు, గ్యాస్ అన్వేషణకి పబ్లిక్ హియరింగ్ (ప్రజాభిప్రాయ సేకరణ) అక్కర్లేకుండా నిబంధన మార్చేశారు. అది అస్సాంకే కాదు, దేశమంతటికీ, అంటే మన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌కి కూడా. ఊళ్లో టెంటు వేసి మైకు పెట్టి జరిపే ఆ హియరింగులు చాలాసార్లు తూతూమంత్రమే, నిజమే, కానీ ఊరివాళ్లు అధికారి ముఖం మీద ప్రశ్న అడగడానికి ఉన్న చోటు అదొక్కటి. డిబ్రూ-సైఖోవా విషయంలో అయితే జీవవైవిధ్యం మీద అధ్యయనం చేయాలని సుప్రీంకోర్టు 2017లోనే షరతు పెట్టింది, అది చేయకుండానే అనుమతి వచ్చేసింది, చివరికి 2020 డిసెంబరులో గువాహటి హైకోర్టు స్టే ఇవ్వాల్సి వచ్చింది. ఆ అధ్యయనం ముందే చేయించడానికి అడ్డేమిటో పర్యావరణ శాఖే చెప్పాలి.