గోదావరి గట్టు మీద నాన్నతో

రాజమండ్రిలో గోదావరి ఊరికి పడమటి దిక్కున పారుతుంది. అందుకే గట్టు మీద నడక సాయంత్రానికే పెట్టుకోవాలి. పొద్దు అవతలి ఒడ్డున కొవ్వూరు వైపు వాలుతుంటే ఏటి నిండా ఎరుపే. నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. ఈ నడకలో ఆ బాధ లేదు. గౌతమీ ఘాట్‌లో ఇస్కాన్ గుడి దగ్గర ఆటో దిగి, పుష్కర ఘాట్ వైపు మెల్లగా నడిచాం. దారంతా దాదాపు చదునే, అలసటొస్తే కూర్చోవడానికి రేవు మెట్లున్నాయి.

పుష్కర ఘాట్‌కి చేరేసరికి వంతెనలు దగ్గరగా కనిపిస్తాయి. నాన్న అక్కడ ఆగిపోయారు. ఆయన చూస్తున్నది హేవలాక్ వంతెనని. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్లకు తెరిచారు. 56 ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు. మద్రాసు, హౌరాల మధ్య రైళ్లు దాదాపు వందేళ్లు దీని మీదుగా నడిచాయి. 1997లో విశ్రాంతి ఇచ్చారు. నాన్న చిన్నప్పుడు రైలు వంతెన ఎక్కగానే చప్పుడు మారేదట. ఆ చప్పుడుకే పెట్టె అంతా నిద్ర లేచి, కిటికీల్లోంచి చిల్లర డబ్బులు ఏట్లోకి విసిరి దణ్ణం పెట్టుకునేవాళ్లట. ‘మా అమ్మ నా చేత కూడా వేయించేదిరా’ అన్నారు.

ఆ పక్కనే, ఎగువన, ఇప్పటి రైళ్లు నడిచే ఆర్చి వంతెన. 28 కాంక్రీటు విల్లులు వరసగా వంగి ఉంటాయి, ఒక్కొక్కటీ 97 మీటర్లకు పైమాటే. ఫొటోల్లో రాజమండ్రి అంటే ఇదే. 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన ఇంకొకటి. పైన బస్సులు, కింద రైళ్లు.

నాకు మాత్రం మనసంతా హేవలాక్ మీదే ఉంది. దాని మీద జనం నడిచే రోజు రావాలి. నది మధ్యలో నిలబడి గాలి పీల్చుకునే చోటు ఈ ఊరికి ఇంతకంటే గొప్పది దొరకదు. 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది, అందులో ఈ వంతెన కూడా ఉంది. పని పూర్తయ్యాక నాన్నని మళ్లీ తీసుకొస్తాను.

చీకటి పడగానే ఘాట్‌లో హారతి. అది చూసుకుని, మార్కండేయస్వామి గుడిలో దణ్ణం పెట్టుకుని బసకి వెళ్లాం.

మర్నాడు పొద్దున్నే ధవళేశ్వరం. 1830లలో కరువులూ తుఫానులతో చితికిపోయిన ఈ జిల్లాకి కాటన్ దొర 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో తర్వాత వచ్చింది. కాటన్ మ్యూజియం పిల్లలున్నవాళ్లు తప్పక చూడాలి, గంటలో అయిపోతుంది. వరదల్లో మనం టీవీలో వినే ధవళేశ్వరం ప్రమాద హెచ్చరికలు ఇక్కడి నీటిమట్టాన్ని బట్టే ఇస్తారు: 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు వరదని చూసిన నాన్న ఆ అంకెలు వింటూనే గేట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. డెల్టాలో దొరని భగీరథుడిగా తలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ నిలబడి కాలవల్లోకి మళ్లుతున్న నీళ్లు చూశాక నాకది అతిశయోక్తి అనిపించలేదు.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లాం. పూతరేకుల ఊరు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగుతోంది. క్షణంలో రేకు లేచి వచ్చేస్తుంది. ‘ఆయ్, మీరూ ఓటి తీసి చూడండమ్మా, చెయ్యి కాల్తది మరి, జాగర్త’ అంది. తీశాను, ముక్కలైపోయింది. ఆ వేడి దగ్గర ఆవిడ పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. రేకుల ధర గురించి బేరమాడబుద్ధి కాలేదు.

తిరుగుదారిలో కడియపులంక నర్సరీలు చూశాం. మొక్కలు కొనేవాళ్లు కారులో చోటు ఉంచుకుని వెళ్లండి. అమ్మ కోసం రెండు మల్లె అంట్లు తెచ్చాం.

ఇంకో పూట ఉంటే పట్టిసీమ వెళ్లొచ్చు. కొవ్వూరు మీదుగా వెళ్లి, రేవులో పడవెక్కితే నది మధ్య కొండ మీద వీరభద్రస్వామి గుడి. అక్కడ మెట్లున్నాయి కాబట్టి నాన్న ఒడ్డునే ఉండిపోతానన్నారు, మేం ఆ ఆలోచన మానుకున్నాం. వెళ్లేవాళ్లు వరద రోజులు తప్పించి, కార్తీకం నుంచి మాఘం లోపు పెట్టుకుంటే మంచిది. ఎండాకాలంలో ఇసుక కాళ్లు కాలుస్తుంది. పడవలో లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి వేసుకోండి, వేసుకున్నాకే పడవ కదలనివ్వండి.