తొలేళ్ళ గింజలు కలిపిన సంబంధం

విజయనగరం పైడితల్లమ్మకు మొక్కిన ఘటం మొన్న తొలేళ్ళ రోజున, అంటే సిరిమాను పండగ ముందు రోజున, ఎత్తాను. అరికాళ్ళు ఇంకా మండుతున్నాయి, చేతుల పసుపు పూర్తిగా వదల్లేదు. ఈ సంతోషం ఇలా ఉండగానే రాసేయాలనిపించింది.

మొక్కు మా అమ్మది. నాకు సంబంధాలు చూడడం మొదలుపెట్టాక వచ్చినవన్నీ కట్నం దగ్గరో జాతకం దగ్గరో ఆగిపోయేవి. ఒకటైతే ఖాయమే అనుకుని చుట్టాలందరికీ చెప్పుకున్నాక అటువాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. నాన్న కొన్నాళ్ళు ఊళ్ళో ఎవరికీ ఎదురుపడలేదు. "పిల్లకి మంచి సంబంధం కుదిరితే దాని చేతే ఘటం ఎత్తిస్తాను తల్లీ" అని అమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది.

ఆ ఏడాది తొలేళ్ళకే నాన్న, నేను విజయనగరం వెళ్ళాం. మాది నెల్లిమర్ల దగ్గర పల్లె, వరి పండిస్తాం. సిరిమాను ముందు రోజు, అంటే తొలేళ్ళ రాత్రి, పూజారి పంచే ధాన్యం గింజలు తెచ్చుకుని వచ్చే ఏడు విత్తనాల్లో కలుపుకోవడం మా వైపు రైతులకు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. నాన్న ఏనాడూ మానలేదు. ఈసారి మోకాలు సహకరించడం లేదని అమ్మ ఒక్కడినీ పంపనంది. అందుకని నేను తోడు.

అర్ధరాత్రి దాటినా ఇసకేస్తే రాలని జనం. గింజలు పంచడం మొదలవగానే ఒక్కసారి వెనక నుంచి తోపులాట. నాన్న చెయ్యి పట్టుకుని బారికేడ్‌కి ఆనుకుని నిలబడడమే గగనమైంది. ముసలివాళ్ళు, చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు ఉంటారని తెలిసి కూడా వాళ్ళకి వేరే దారి ఎందుకు పెట్టరో! ఆ రద్దీ సర్దుకునేసరికి గింజలు అయిపోయాయి. నాన్న ఖాళీ దోసిలి అలాగే పట్టుకుని నిలబడిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది.

పక్కనే ఉన్న అబ్బాయి అది చూశాడు. "అందలేదేటి పెద్దాయనా?" అని అడిగి, భుజం మీది తువ్వాలు తీశాడు. కొసన గింజలు మూట కట్టుకుని ఉన్నాడు. చెమటకి ముడి బిగిసిపోయి ఎంతకీ రాలేదు, చివరికి పంటితో విప్పాడు. సగం గింజలు నాన్న దోసిట్లో పోశాడు. కొన్ని అతని వేళ్ళకున్న పసుపుకి అంటుకుపోతే, బొటనవేలితో ఒక్కో గింజా ఒలిచి అవీ నాన్న చేతిలోనే వేశాడు.

"నీకేటి మిగుల్తాది బాబూ?" అన్నారు నాన్న.

"అమ్మవారి గింజకి లెక్కేటండి. ఒక్కటున్నా మడంతటికీ సరిపోతాది."

తర్వాత మమ్మల్ని ఆర్టీసీ కాంప్లెక్స్ వరకూ నడిపించుకొచ్చి, నాన్నకి టీ తాగించి, బస్సు దగ్గర కూర్చోబెట్టి వెళ్ళాడు. ఈలోగా నాన్న ఊరూ పేరూ, పొలం సంగతీ అన్నీ అడిగేశారు. గజపతినగరం దగ్గర పల్లె. వ్యవసాయంలో డిప్లొమా చేసి, ఉద్యోగం చూసుకోమని ఎందరు చెప్పినా తండ్రితో పాటు పొలంలోనే ఉన్నాడట. నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు, వింటూ కూర్చున్నాను.

జ్యేష్ఠంలో నారు పోసిన రోజు నాన్న అతనికి ఫోన్ చేశారు. "బాబూ, నీ గింజలు ఈవేళ మడిలో పడ్డాయి" అని. వాళ్ళూ ఆ ముందు రోజే పోశారట! ఆ ఫోన్ పెట్టేశాక నాన్న చాలాసేపు అరుగు మీద కూర్చుని, లోపలికొచ్చి అమ్మతో "ఆ కుర్రాణ్ణి అడుగుదామా?" అన్నారు.

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. పిల్ల విశాఖలో ఆఫీసులో లెక్కలు చూసుకుంటోంది, మళ్ళీ పొలానికే ఇవ్వడమేమిటని బాధపడింది. రైతు కొడుక్కి పిల్లనివ్వడానికి రైతులే వెనకాడే రోజులివి. నాకు ఇది చాలా కష్టంగా ఉంటుంది. మన కంచంలో అన్నం పెట్టేవాడి ఇంట్లోకి మన ఆడపిల్ల వెళ్ళకూడదా? నాకు ఇష్టమేనని నేనే చెప్పాను.

పెళ్ళిచూపుల్లో ఉద్యోగం మానాలా అని అడిగాను. "ఎందుకు మానడం? గజపతినగరంలో రైలెక్కితే విశాఖలో దిగొచ్చు. స్టేషన్‌కి పొద్దున్న నేను దింపుతాను, రాత్రి వచ్చి తీసుకెళ్తాను" అన్నారు. రైళ్ళ టైములు ముందే కనుక్కుని వచ్చారని అప్పుడే అర్థమైంది. కట్నం మాట వాళ్ళు ఎత్తనే లేదు. శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకున్నాం.

ఇక ఘటం సంగతి. ఉపవాసం ఉండి, వేపమండలు కట్టిన ఘటం మీద దీపం పెట్టుకుని, చెప్పుల్లేకుండా ఊళ్ళో ఉన్న అమ్మవారి చదురుగుడి వైపు నడిచాను. తప్పెటగుళ్ళ మోతకి దీపం ఎక్కడ కొండెక్కుతుందోనని ఒకటే టెన్షన్. అమ్మ పక్కనే కొంగు అడ్డం పెట్టుకుంటూ వచ్చింది. గుడి దగ్గరి మూడు లాంతర్ల కూడలికొచ్చేసరికి లైను కదలడం మానేసింది. పాసులున్నవాళ్ళు పక్కదారిన వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. నెత్తిన ఘటంతో ఉన్న ఆడవాళ్ళం మాత్రం ఉన్నచోటే. అమ్మవారి దగ్గర కూడా ఈ తేడాలేమిటని మనసు చివుక్కుమంది.

లోపలికి వెళ్ళాక ఆ కోపం ఏమైపోయిందో తెలీదు. ముందున్నావిడ వంగింది. ఆ సందులోంచి పసుపు ముఖం, పెద్ద కుంకుమ బొట్టు, ఆ కళ్ళు. అంతే, "నడవండమ్మా, నడవండి" అని పక్కకి నెట్టేశారు. ఏం కోరుకోవాలో ముందే అనుకుని వెళ్ళాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "వచ్చానమ్మా" అన్నాను.

మర్నాడు మంగళవారం సిరిమాను. ఆయనా వాళ్ళ ఇంటివాళ్ళూ వచ్చారు. పెద్దవాళ్ళ ముందు మేమిద్దరం ఏం మాట్లాడుకుంటాం! సిరిమాను ముందు నడిచే అంజలి రథం, పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెళ్ళాక, 50 అడుగులకు పైగా ఉన్న ఆ చింతమాను కొసన కూర్చుని పూజారి కదిలి వస్తుంటే వీధంతా "జై పైడిమాంబ" అని ఊగిపోయింది. చుట్టూ అరటిపండ్లు వాన కురిసినట్టు ఎగురుతున్నాయి. ఆయన విసిరిన పండు మాను దాకా వెళ్ళింది, నాది ఎవరి నెత్తిన పడిందో!

1757 బొబ్బిలి యుద్ధం నాటి కథ మా జిల్లాలో ఉగ్గుపాలతో పెడతారు. అమ్మవారు విజయనగరం రాజుగారి చెల్లెలని చెబుతారు, అందుకే కోట ఆవిడకి పుట్టిల్లు. గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఈసారి మాత్రం మాను కోట వైపు తిరిగినప్పుడల్లా అమ్మ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. మాటల్లో ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. అత్తయ్య అది గమనించి, "మా ఊరికీ మీ ఊరికీ ఎంత దూరం వదినా, పొద్దున్నొచ్చి సాయంత్రం వెళ్ళొచ్చు" అంది.

పెళ్ళి ఫాల్గుణంలో. మొదటి శుభలేఖ అమ్మవారి పాదాల దగ్గర పెట్టడానికి రెండిళ్ళవాళ్ళం కలిసి వెళ్తాం, మంగళవారం కాకుండా జనం పలచగా ఉండే రోజు చూసుకుని. ఈసారి తొలేళ్ళ గింజలు నాన్నకీ అందాయి, ఆయనకీ అందాయి. విత్తనాలు కట్టే రోజుకి కొత్తకోడలిగా నేను అత్తారింట్లో ఉంటాను.